ఎడమకాలి బూటు కట్టిన కారు

శనివారం ఉదయం హాతిమ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఫూల్ అనే చిక్కుడుగింజల కూర, రొట్టె తిని, టీ తాగి, నాన్నగారి కారును మెకానిక్ గబర్ షెడ్డుకు తీసుకెళ్ళి బాగుచేయించి, మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చేయాలి. నహ్లా బెండకాయ కూర వండుతానంది. పెళ్ళయి ఇంకా నెల నిండలేదు. ఆమెకు టీ గ్లాసులో పుదీనా ఆకు తేలడం కూడా శుభవార్తలాగే అనిపిస్తోంది.

ఆ తెల్లకారు వయసు హాతిమ్ వయసుకన్నా ఒక ఏడాది ఎక్కువ. ఒకప్పుడు కైరోలో సగం మంది అదే రకం కారు, అదే తెలుపులో కొనుక్కున్నారు. తాళంచెవి అరిగి అరిగి నున్నగా అయిపోయింది. "దీన్ని టీచెంచాతో కూడా తెరవచ్చు, అందుకే ఎవడూ దొంగిలించడు" అని హాతిమ్ తండ్రి బయూమీగారు గర్వంగా చెప్పుకుంటారు. అలాంటి కార్లన్నిటిలోలాగే అద్దానికి నీలిపూస, ముందర గొర్రెతోలు, దానిమీద బంగారు రంగు టిష్యూ డబ్బా. దిష్టి తగలకుండా వెనకవైపు ఒక చంటిపిల్లాడి బూటు వేలాడుతుంది. అది ఏడాది వయసులో హాతిమ్ తొడుక్కున్న బూటు. నహ్లా వీధిలోకి వచ్చినప్పుడల్లా దాన్ని ఒకసారి చేత్తో నిమిరి గానీ ముందుకు వెళ్ళదు.

ఇబ్బందల్లా పెళ్ళినాడు మొదలైంది. పెళ్ళికూతురిని ఎక్కించుకుని వస్తుంటే వంతెన మధ్యలో బానెట్ కింద నుంచి ఆవిరి లేచింది. బ్యాండువాళ్ళు దిగి కారును తోస్తూనే డప్పులు వాయించారు.

"ముప్ఫై ఏళ్ళుగా ఏనాడూ ఇలా పొగలు కక్కలేదు. కొత్తకోడలు కాలు పెట్టింది, కారు కూలబడింది," అంది హాతిమ్ మేనత్త ఇన్షిరాహ్. ఆవిడ ఒకసారి మాట అన్నదంటే ఆ మాట మెట్లు దిగి, వీధి దాటి, రొట్టెల దుకాణం దాకా వెళ్తుంది.

బయూమీగారు ట్రాము ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరయిన మనిషి. ఆయన తీర్పు కూడా ట్రాము లాగే పట్టాల మీద నడుస్తుంది. "వచ్చే శుక్రవారం కోడలి పుట్టింటికి టాంటా వెళ్తున్నాం. దారిలో కారు ఆగకపోతే అది మీ ఇద్దరిదీ. ఆగితే పాత ఇనుము కొనే దస్సూకీ ఇచ్చేస్తాను. ఎప్పట్నుంచో అడుగుతున్నాడు."

నహ్లాకు ఆ కారు కావాలి. సాయంత్రాలు నైలు ఒడ్డుకు వెళ్ళి మొక్కజొన్నపొత్తులు తినడానికి కావాలి. అంతకన్నా ముఖ్యంగా, తన పాదం మీద పడ్డ ఆ మాటను తుడిచేయడానికి కావాలి.

గబర్ బానెట్ ఎత్తి, ముక్కుతో గాలి పీల్చి, "హోస్ పైపు పగిలింది" అని తేల్చాడు. కొత్తది వేశాడు. హాతిమ్ ఇంటికి వచ్చి తాముండే షుబ్రా పేటలో అందరూ చేసే పనే చేశాడు. వీధిలో ఖాళీ లేకపోవడంతో కారును వేరేవాళ్ళ కారుకు అడ్డంగా పెట్టి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్‌బ్రేక్ వదిలేసి, బూడిదరంగు గుడ్డ కప్పి పైకి వెళ్ళిపోయాడు. లోపలి కారు బయటికి రావాలంటే అడ్డంగా ఉన్నదాన్ని తోసుకుంటారు. వీధిలో కార్లు కాసే మంగూద్ పగలంతా చేసే పని అదే. పొద్దున ఇంటిముందు పెట్టిన కారు సాయంత్రానికి మందుల షాపు ముందు కనిపిస్తే ఎవరూ ఆశ్చర్యపోరు.

శుక్ర, శనివారాల సెలవు అయిపోయి ఆదివారం ఆఫీసుకు బయల్దేరిన హాతిమ్, మందుల షాపు ముందున్న కారు మీది గుడ్డ తీసి లోపల కూర్చున్నాడు. కాళ్ళు పెడళ్ళకు అందలేదు. సీటు ఎవరో వెనక్కి జరిపారు. లోపల లవంగాల వాసన గుప్పుమంది. తాళంచెవి తిప్పితే ఉలుకూ పలుకూ లేదు. బ్యాటరీ చచ్చింది. బానెట్ ఎత్తి చూశాడు. నిన్న వేయించిన కొత్త హోస్ పైపు లేదు! దాని స్థానంలో గుడ్డపీలికలు చుట్టిన ముసలి పైపు వేలాడుతోంది.

నలుగురు తోస్తే స్టార్టయిన కారులో నేరుగా షెడ్డుకు వెళ్ళాడు.

"ఉస్తాద్ గబర్! నా పైపు తీసి ఎవడికి అమ్మావ్?"

గబర్ పైపు వంక చూశాడు, హాతిమ్ వంక చూశాడు. "ఇది నా చేతి పని కాదు. నేను పీలికలు చుట్టేవాడిలా కనిపిస్తున్నానా? నా పెళ్ళాం మీద ఒట్టు, నిన్న కొత్తది వేశాను. మీ వీధిలోనే ఎవడో ఊడబీకాడు."

"మంగూద్?"

"నేను పేరు చెప్పలేదు. నువ్వే చెప్పావ్," అన్నాడు గబర్, చెప్పినంత తృప్తిగా.

దొంగతనం జరిగింది కాబట్టి, ఎలాగూ బానెట్ ఎత్తాం కాబట్టి, గబర్ మళ్ళీ కొత్త హోస్ వేశాడు, కొత్త బ్యాటరీ పెట్టాడు, థర్మోస్టాట్ మార్చాడు, బ్రేకులు కూడా సరిచేశాడు. కారు కొత్తపెళ్ళికొడుకులా ఇంటికి వచ్చింది.

మంగళవారం అదే కారు, అంటే హాతిమ్ అదే అనుకున్న కారు, వంతెన ఎక్కుతూనే ఆవిరి కక్కింది. బ్రేకు నొక్కితే కాలు నేలకు తాకేంతవరకూ దిగిపోతోంది. బానెట్ ఎత్తాడు. హోస్ కొత్తదే ఉంది. బ్యాటరీ మాత్రం పాతది!

"పైపు తెచ్చి ఇచ్చేసి బ్యాటరీ ఎత్తుకెళ్ళాడు నాన్నా," అన్నాడు ఇంటికి వచ్చి. "బ్రేకులు కూడా."

"బ్రేకులు ఎవడైనా దొంగిలిస్తాడట్రా?" అన్నారు బయూమీగారు. కాసేపు ఆలోచించి గొంతు తగ్గించారు. "ఇది దస్సూకీ పని. మెకానిక్‌కి ఏదో ముట్టజెప్పి కారును చంపిస్తున్నాడు, నేను విసిగిపోయి అమ్మేస్తానని. నువ్వు గబర్ చేతికి ఏమీ ఇవ్వకు. చూపు కూడా ఇవ్వకు."

గబర్ దగ్గరికి వెళ్తే అతను పానా నేలకేసి కొట్టాడు. "రాత్రిళ్ళు లేచి నీ బ్రేకులు మార్చుకుంటూ కూర్చుంటానా బాబూ? నాకు ఇల్లూ వాకిలీ లేవా? పెళ్ళయినవాళ్ళకి నిద్ర చాలదు, నాకు తెలుసు. వెళ్ళి పడుకో."

బుధవారం కారు మళ్ళీ చక్కగా నడిచింది. బ్రేకులు వచ్చేశాయి. లవంగాల వాసన కూడా వచ్చేసింది.

నహ్లా కాలేజీలో రసాయనశాస్త్రం చదువుకుంది. ఏదైనా జరిగితే ఎప్పుడు, దేని తర్వాత అని చూడటం ఆమె అలవాటు. భోజనాల దగ్గర అందరికీ చెప్పింది.

"ఆదివారం గబర్ బాగుచేసినప్పట్నుంచి గమనిస్తున్నాను మామయ్యా. లవంగాల వాసన ఉన్నరోజు కారు బాగుంటుంది. వాసన పోయిందంటే జబ్బు చేస్తుంది."

ఇన్షిరాహ్ అత్త ముద్ద కింద పెట్టేసింది. "జిన్ను! నేను మొదటిరోజే అన్నాను. ఆడజిన్ను అయితే లవంగాలు నములుతుంది."

"ఆడజిన్ను" అన్న మాట దగ్గర నహ్లా ఆలోచన ఆగిపోయింది. ఆ మధ్యాహ్నమే కారులో ఆమెకు ఒక వస్తువు దొరికింది. సిగరెట్ పీకలు వేసే చిన్న గిన్నెలో గులాబీరంగు మైనపు ముక్క. లిప్‌స్టిక్ విరిగితే అలాగే ఉంటుంది. ఆమె దాన్ని ఎవరికీ చూపించలేదు. జిన్నులు లిప్‌స్టిక్ పూసుకోవు. సీట్లు వెనక్కి జరుపుకోవు.

"నీ ఆఫీసులో లవంగాలు నమిలేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అని అడిగింది భర్తను, చాలా మామూలుగా.

"ఎందుకు?"

"ఊరికే. నోటికి మంచిదంటారు."

హాతిమ్ అలా బిత్తరపోయి చూసేసరికి, ఇతను అబద్ధం చెప్పలేడు అనిపించింది ఆమెకు. అబద్ధం చెప్పలేనివాళ్ళే ముఖం అలా పెడతారు అని కూడా అనిపించింది. ఆ రోజు టీలో పుదీనా వేయడం మర్చిపోయింది.

హాతిమ్ దృష్టి అంతా మంగూద్ మీదే ఉంది. ఈ మనిషి కారును టాక్సీగా తిప్పుతున్నాడు. పొడుగువాళ్ళకి అద్దెకిస్తున్నాడు. లేకపోతే సీటు ఎందుకు వెనక్కి పోతుంది? గురువారం ఆఫీసుకు సెలవు పెట్టి, మధ్యాహ్నం వీధి కునుకు తీస్తున్న వేళ, వంటింట్లోంచి వెల్లుల్లి దంచే రోకలి తీసుకుని, ఇంటిముందున్న కారు మీది గుడ్డ కింద నుంచి లోపలికి దూరాడు. వెనక సీటు కింద ముడుచుకుని దొంగ కోసం కాచుకున్నాడు. జూన్ నెల. గుడ్డ కప్పిన కారు. పది నిమిషాల్లో ఉడికిపోయాడు. అయినా కదల్లేదు. టాంటా ప్రయాణం మర్నాడే.

బాల్కనీలో బట్టలు ఆరేస్తున్న నహ్లాకు కిందనున్న గుడ్డ ఒకసారి కదిలినట్టు కనిపించింది. మళ్ళీ కదిలింది. లోపల మనిషి ఉంది. లవంగాలు నమిలే మనిషి. నహ్లా కుడికాలి స్లిప్పర్ తీసి చేతపట్టుకుని మెట్లు దిగింది.

సరిగ్గా అప్పుడే లోపలి వరసలో ఉన్న రొట్టెల వ్యాను బయటికి రావాలంది. మంగూద్ వచ్చి, గుడ్డ కూడా తీయకుండా, కారుకు భుజం ఆనించి తోశాడు. కారు కదిలింది.

"దొంగ! దొంగ! కారు తోసుకుపోతున్నాడు!" అని లోపలినుంచి కేక.

మంగూద్ ముప్ఫై ఏళ్ళుగా కార్లు తోస్తున్నాడు గానీ ఏ కారూ అతనికి ఎదురు చెప్పలేదు. రెండడుగులు వెనక్కి గెంతి, "దొంగ! కార్లో దొంగ!" అని ఇంకా గట్టిగా అరిచాడు.

బార్బరు షాపులోంచి సగం గడ్డం గీయించుకున్నవాళ్ళు పరిగెత్తుకొచ్చారు. వ్యాను డ్రైవరు కారుకు అడ్డంగా చేతులు చాచి నిలబడ్డాడు. కారు నెమ్మదిగా వచ్చి అతన్ని బంపరుతో మర్యాదగా గోడకు ఆనించి ఆగింది. నహ్లా గుడ్డ కొస పట్టుకుని ఒక్క లాగు లాగి, తలుపు తెరిచి, స్లిప్పర్ ఎత్తింది.

"బయటికి రావే!"

చెమటతో తడిసి ముద్దయి, రోకలి గుండెలకు హత్తుకుని, హాతిమ్ బయటికి వచ్చాడు.

"నువ్వా?"

"నేనే. నువ్వెవరనుకున్నావ్?"

నహ్లా లోపలికి తొంగిచూసింది. కారులో అతను తప్ప ఇంకెవరూ లేరు. ఆ సంతోషంలో ఆమెకు నవ్వు ఆగలేదు. స్లిప్పర్ చేతిలో పట్టుకుని, ఒంటికాలి మీద నిలబడి, కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వింది. వీధివాళ్ళకు మాత్రం కొత్తజంట కార్లో దొంగాట ఆడుతోందని అర్థమైంది. అంతకన్నా వేరేగా ఎలా అర్థమవుతుంది?

మంగూద్ ఒక్కడే నవ్వలేదు. "నన్ను దొంగ అంటావా హాతిమ్ బాబూ? నువ్వు ఈ కారు వెనక సీట్లో పాలసీసాతో పడుకున్నప్పట్నుంచి తోస్తున్నాను నిన్ను. ఇంక ఈ వీధిలో ఏ కారూ ముట్టుకోను. మీరే తోసుకోండి." అని ఈలను మెడలోంచి తీసి జేబులో వేసుకుని కాఫీ కొట్టుకు వెళ్ళి కూర్చున్నాడు.

ఆ సాయంత్రం నహ్లా తన తల్లి కోసం గుండ్రటి రేకు డబ్బా నిండా మిఠాయిబిస్కట్లు కొని, తనే స్వయంగా కారు డిక్కీలో పెట్టి, వెనకాల బూటును ఒకసారి నిమిరి పైకి వచ్చింది. మంగూద్ అలిగి కూర్చున్నాడు కాబట్టి వీధిలో కార్లను అందరూ తలా ఒక చెయ్యి వేసి తోసుకున్నారు. ఎవరి కారు ఎటు పోయిందో, ఎవరి గుడ్డ దేనిమీద పడిందో చూసేవాడు లేడు.

శుక్రవారం ఉదయం ఇంటిముందున్న కారు ఒక్క తిప్పుకే స్టార్టయింది. హాతిమ్ నడిపాడు. ముందు సీట్లో బయూమీగారు, వెనక నహ్లా, ఇన్షిరాహ్ అత్త. టాంటా రోడ్డు మీద కారు నూనె రాసిన జారుడుబల్ల మీద పోయినట్టు పోయింది. ఆవిరి లేదు. మూలుగు లేదు. నొక్కినచోట ఆగింది.

"లవంగాలు," అంది అత్త గాలి పీలుస్తూ, అనుమానంగా.

"ఇవాళ దాన్ని ఏమీ అనకండి అత్తా," అంది నహ్లా. "ఏ జిన్ను అయినా సరే, టాంటా చేరనివ్వండి."

చేరారు. గుమ్మంలోనే బయూమీగారు నిలబడి, కోడలి తల్లి సుహైర్‌గారు, తండ్రి, చూడవచ్చిన చుట్టాలు అందరూ వింటుండగా గొంతు సవరించుకున్నారు.

"మాటంటే మాటే. కారు దారిలో ఆగలేదు. నా కోడలి పాదం మంచిది. ఈ క్షణం నుంచి ఈ కారు వీళ్ళిద్దరిదీ!" అని తాళంచెవి నహ్లా అరచేతిలో పెట్టారు. చుట్టాల్లో ఆడవాళ్ళు నాలుకలు ఆడిస్తూ సంతోషంగా కూతలు పెట్టారు. నహ్లా ఎగిరి గంతేయకుండా ఉండటానికి గుమ్మం పట్టుకుంది. వంటింట్లోంచి వేయించిన బాతు వాసన వస్తోంది. ప్రపంచంలో ఆ నిమిషంలో సరిగ్గా లేనిది ఏదీ లేదు.

ఆ సంబరంలోనే డిక్కీ తెరిచి గుండ్రటి డబ్బా తెచ్చి తల్లి చేతిలో పెట్టింది. సుహైర్‌గారు నలుగురి మధ్యా కూర్చుని మూత తీసింది.

లోపలినుంచి పళ్ళు నవ్వాయి.

పైవరస, కిందివరస, గులాబీరంగు చిగుళ్ళతో సహా, దూది మీద వరసగా పేర్చిన కట్టుడుపళ్ళు. లవంగనూనె వాసన గది నిండా పరుచుకుంది.

"అమ్మాయీ," అంది సుహైర్‌గారు మూత పక్కన పెట్టి, "మా పళ్ళు ఇంకా బాగానే ఉన్నాయే."

ఇన్షిరాహ్ అత్త కుర్చీ మీదికి ఎక్కింది. "జిన్ను తిన్నవాళ్ళ పళ్ళు!"

నహ్లా చిగుళ్ళ పక్కన దూదికి అంటుకున్న ముక్కను వేలితో తాకి చూసింది. కారులో దొరికిన గులాబీరంగు మైనమే. ఆమె లేచి బయటికి పరిగెత్తి కారు వెనక మోకాళ్ళ మీద కూర్చుంది. ఇన్నాళ్ళూ నిమిరిన బూటును మొదటిసారి సరిగ్గా చూసింది.

"హాతిమ్! మీ కారుకు కట్టిన నీ బూటు ఏ కాలిది?"

"ఎడమ. ఎందుకు?"

"ఇది కుడికాలిది."

బయూమీగారు వచ్చి కారు నంబరు చదివారు. ముప్ఫై ఏళ్ళలో ఆయన దాన్ని చదవడం ఎప్పుడో ఒకసారి. ఎవరి కారును వాళ్ళు బూటును చూసి గుర్తుపడతారు గానీ నంబరు ఎవరు చూస్తారు? ఆయన నెమ్మదిగా కోడలి చేతిలోంచి తాళంచెవి వెనక్కి తీసుకున్నారు. "ఇచ్చింది మన కారు కాదమ్మా. ఊళ్ళో ఎవడిదో దానం చేశాను."

డబ్బా మూత మీద ఒక ఫోన్ నంబరు అంటించి ఉంది. హాతిమ్ చేశాడు. అవతల మనిషి హలో అనలేదు.

"మీరెవరైనా సరే, నా పళ్ళు ఎక్కడ?" అన్నాడు.

అతని పేరు వగ్దీ. పక్కసందులో నెల క్రితం అద్దెకు దిగాడు. కట్టుడుపళ్ళు చేస్తాడు. టాంటా దారిలోని బెన్హాలో ఒక పెద్దమనిషికి ఇవాళ మనవరాలి పెళ్ళి. నవ్వడానికి పళ్ళు కావాలి. వగ్దీ తెల్లకారేసుకుని వెళ్ళి, పెళ్ళివారందరి ముందూ డబ్బా ఇచ్చాడు. బోసినోటి పెద్దమనిషి మూత తీస్తే అందులో గట్టి బాదం బిస్కట్లు ఉన్నాయి. ఆయన చేతికర్ర అందుకున్నాడు.

"అవి మా బిస్కట్లు," అన్నాడు హాతిమ్ బలహీనంగా.

"వారంగా నా మెకానిక్‌ని అనుమానిస్తున్నాను! నా బావమరిదితో మాటలు మానేశాను! ఒకరోజు కారు పొగలు కక్కుతుంది, ఒకరోజు ఎవడో పుణ్యాత్ముడు కొత్త బ్యాటరీ పెట్టి ఉంటాడు! టాంటాలో ఎక్కడ మీరు? వస్తున్నాను!"

బయూమీగారు ఫోన్ వినిపించేంత దగ్గరగా నిలబడ్డారు. నహ్లా ఆయన ముఖం వంకే చూస్తోంది. వగ్దీ నడుపుతున్నది తమ కారు. దానికి కొత్త హోస్ ఒక్కటే ఉంది. థర్మోస్టాట్, బ్యాటరీ, బ్రేకులు అన్నీ ఈ కారులో ఉన్నాయి. బెన్హా నుంచి టాంటా దాకా అది ఆగకుండా రావడం కల్ల. ఆగితే దస్సూకీ పాలే.

బాతు చల్లారిపోయింది. ఎవరూ తినలేదు. చివరికి వీధి మలుపులో తెల్లటి ఆవిరి కనిపించింది, దాని వెనక కారు. కిటికీలన్నీ తెరిచి ఉన్నాయి. నెమ్మదిగా వచ్చి, గుమ్మం దాటి, కూరగాయల బండి దాటి, ఇంకాస్త వెళ్ళి, పాత టైర్ల కుప్పను ఆనుకుని నిలిచింది. దాని వెనక ఎడమకాలి బూటు ఊగుతోంది.

కారులోంచి ఆవిరికన్నా వేడిగా వగ్దీ దిగాడు. ఆరడుగుల పైన ఉన్నాడు. చొక్కా పిండితే బకెట్ నిండుతుంది. "ఇంజన్ చల్లబడాలని లోపల హీటరు పెట్టుకుని వచ్చాను," అన్నాడు. "జూన్‌లో!"

బయూమీగారు ముందుకు వచ్చారు. ట్రాము ఇన్‌స్పెక్టరుగా టికెట్టు అడిగిన గొంతుతో అడిగారు. "ఒక్క మాట చెప్పండి వగ్దీగారూ. దారిలో ఎక్కడైనా ఆగిందా?"

"ఆగడమా? బ్రేకులు ఉంటేగా ఆగడానికి! రెండు రైల్వే గేట్లు దాటాను, ఒక గేదెల మందను దాటాను, పోలీసాయన ఆపమంటే చెయ్యి ఊపి క్షమించమని వచ్చేశాను. దేవుడి దయ, ఎవరికీ ఏమీ కాలేదు."

 అప్పటిదాకా లోపల కుర్చీ మీదే ఉన్న ఇన్షిరాహ్ అత్త దిగి వచ్చి, నహ్లా భుజం మీద చెయ్యి వేసింది. "బ్రేకుల్లేని కారు ఇంతదూరం ఒక్క కోడిపిల్లను కూడా తొక్కకుండా వచ్చిందంటే, ఈ పిల్ల పాదం మామూలు పాదం కాదు," అంది. ఆ మాట కూడా రొట్టెల దుకాణం దాకా వెళ్తుందని నహ్లాకు తెలుసు. ఈసారి వెళ్తే మంచిదే.

"మాటంటే మాటే," అని బయూమీగారు తాళంచెవి మళ్ళీ కోడలి అరచేతిలో పెట్టారు. ఏ తాళంచెవి అయినా ఒకటే కాబట్టి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

వగ్దీ పళ్ళు వగ్దీ తీసుకున్నాడు. బాతు సగం కూడా అతనే తిన్నాడు. తిరుగుదారిలో పెళ్ళివారింట్లో పళ్ళు అప్పగించి, హాతిమ్‌వాళ్ళ కారును తన కారుకు తాడుతో కట్టి లాక్కుపోతానని మాటిచ్చాడు. ఆ రాత్రి హాతిమ్ కాఫీ కొట్టుకు వెళ్ళి మంగూద్‌కి క్షమాపణ చెప్పాడు. మంగూద్ ఈలను జేబులోంచి తీసి మెడలో వేసుకున్నాడు గానీ, "ముందు మీ కార్లు రెండూ వేరుగా కనిపించేలా చేసుకోండి," అన్నాడు.

అది న్యాయమే అనిపించింది అందరికీ. ఇన్షిరాహ్ అత్త పాత పెట్టె వెతికి హాతిమ్ రెండో బూటు, కుడికాలిది, తీసి ఇచ్చింది. తెల్లవారగానే నహ్లా దాన్ని ఎడమబూటు పక్కన ముద్దుగా ముడివేసింది. ఇంక పొరబాటు జరిగే అవకాశమే లేదు.

కాస్త పొద్దెక్కాక ఆమె బాల్కనీలోంచి కిందికి చూసింది. వీధిలో రెండు తెల్లకార్లు నిలబడి ఉన్నాయి, రెండింటి వెనకా రెండేసి బూట్లు ఊగుతున్నాయి.